వంటమాస్టారి తొలి విస్తరి

నేను ఫార్మసిస్టుగా పనిచేసింది ముప్పై మూడేళ్ళ నాలుగు నెలలు. అందులో చివరి పదకొండేళ్ళు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో. పల్నాడులోనే. నరసరావుపేటా, మాచర్లా, గురజాలా అని మాత్రం అడగొద్దు. మా దగ్గరికొచ్చేవాళ్ళ పేర్లు బయట అనకూడదన్నది మొదటిరోజు నేర్పే పాఠం. అది నాకు ఎంతగా వంటబట్టిందంటే, రిటైరయ్యాక మా వీధిలో కూరగాయలమ్మే ఆమె పేరు చెప్పడానికి కూడా నోరు రాదు. కాబట్టి ఇందులో ఎవరికీ పేరుండదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. వాళ్ళకు పేర్లతో పనిలేదు, నేను చేసిన తప్పుతో పని.

నాకు చిన్నప్పట్నుంచీ లెక్కలంటే ఇష్టం. పెళ్ళిచూపుల్లో మా ఆయన, నీకేమిష్టం అనడిగితే శేషం రాని భాగహారం అన్నాను. అయినా ఆయన ఒప్పుకున్నారు. అది ఆయన చేసిన తప్పు, ఇక్కడ అప్రస్తుతం.

మా సెంటర్లో నా పని బిళ్ళలు ఇవ్వడం, బిళ్ళలు లెక్కపెట్టడం. మనిషి మందు సరిగ్గా వేసుకుంటున్నాడో లేదో తెలియాలంటే, వచ్చేటప్పుడు పాత సీసా వెంట తెమ్మంటాం. పోయినసారి ముప్పై ఇచ్చాం, అప్పటికి అతని దగ్గర ఆరున్నాయి, ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. అంటే సీసాలో ఎనిమిది ఉండాలి. తొమ్మిదుంటే ఒకరోజు మానేశాడు. ఏడుంటే ఒకటి పారేసుకున్నాడు. ఈ రెండింటికీ నా దగ్గర తిట్లు వేరువేరుగా ఉండేవి. మానేసినవాళ్ళకు పెద్ద తిట్లు, పారేసుకున్నవాళ్ళకు చిన్నవి.

తిట్టడానికి కారణం ఉంది. మిరపతోటకు పురుగుమందు సగం సగం కొడితే ఏమవుతుందో మా రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. చావని పురుగు ఆ మందుకు అలవాటు పడుతుంది. తర్వాత డబ్బా మొత్తం గుమ్మరించినా ఆకు కింద కూచుని నవ్వుతుంది. హెచ్‌ఐవీ అంతే. రోజూ మందు తగులుతుంటే అణిగి ఉంటుంది. నాలుగు రోజులు వేసుకుని రెండు రోజులు మానేస్తే మందుకు మొండికేస్తుంది. అప్పుడు రెండో వరుస మందులకు వెళ్ళాలి. అక్కడా అదే చేస్తే మూడో వరుస. ఆ తర్వాత మా అల్మారాలో ఇంక వరుసల్లేవు.

ఇప్పుడు మా వంటమాస్టారు. యాభై రెండేళ్ళు, రొంపిచెర్ల వైపు మనిషి. పెళ్ళిళ్ళకు, ఓణీల ఫంక్షన్లకు, పెద్దకర్మలకు వెయ్యి విస్తళ్ళ దాకా వండిస్తాడు. ఉప్పు నాలుకతో చూడడు, ఆవిరి వాసనతో చెప్పేస్తాడని పేరు. జట్టులో కూరగాయలు తరిగించడం, ఆయన తరఫున మాట్లాడడం రెండూ ఆయన భార్య పనులు. ఆయనకు జబ్బు తెలిసి అప్పటికి పద్నాలుగేళ్ళు. మొదటి వరుస మందు తొమ్మిదేళ్ళు వాడాడు, అది పనిచేయడం మానేసింది. రెండో వరుసకు మార్చి ఐదేళ్ళు. ఇప్పుడు అది కూడా లొంగడం లేదని రక్తపరీక్షలో వచ్చింది. మూడు నెలలాగి మళ్ళీ చేస్తే వైరస్ మరింత పెరిగింది.

మా డాక్టరు గారు కుర్రవాడు. నా రిజిస్టరు తెప్పించుకుని, మాస్టారి పేజీ తెరిచి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మేడం, పద్నాలుగు నెలలు. పద్నాలుగు సార్లు లెక్క సరిగ్గా సరిపోయింది. ఒక్క బిళ్ళ కూడా తేడా లేదు. నేను వేసుకునే బీపీ బిళ్ళే వారానికి రెండుసార్లు మర్చిపోతాను."

"మీరు నా దగ్గర మందు తీసుకోవడం లేదు గదా సార్," అన్నాను. చాలా గర్వంగా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేసుకోబుద్ధవుతుంది.

లెక్క సరిపోయింది కాబట్టి తప్పు మనిషిది కాదు, వైరస్‌ది అనుకున్నాం. ఏ మందుకు మొండికేసిందో తేల్చే పరీక్షకు రక్తం పంపాం. మొదటి వరుస మందులన్నిటికీ, రెండో వరుసలో పెద్ద బిళ్ళకూ మొండితనం కనబడిందని రిపోర్టు వచ్చింది. మూడో వరుస మందు మా ఇష్టానికి ఇచ్చేది కాదు. పెద్ద డాక్టర్ల బృందం వీడియోలో కూచుని కేసు విని ఒప్పుకోవాలి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఇన్నాళ్ళూ మందు సక్రమంగా వేసుకున్నాడా? దానికి సంతకం నాది. సమావేశం గురువారం. అంతకుముందు సోమవారం మాస్టారు లెక్కకు వచ్చాడు.

ఎనిమిది ఉండాలి. బిళ్ళలు పళ్ళెంలో పోసి పుల్లతో జరుపుతూ లెక్కపెట్టాను. ఎనిమిది. టిక్కు పెట్టబోతుంటే కళ్ళజోడు జారింది. సర్దుకుని వంగేసరికి మూడు బిళ్ళల మీద వేరే గుర్తు కనబడింది. అది కొత్త కంపెనీ సరుకు. మా స్టోరుకు వచ్చి పద్నాలుగు రోజులైంది. మాస్టారు మందు తీసుకెళ్ళి ఇరవై ఎనిమిది రోజులైంది.

"ఇవెక్కడివి?"

మాస్టారు పళ్ళెంలోకి చూశాడు. పైకప్పు వంక చూశాడు. "మీరిచ్చినయ్యేనమ్మా."

"నేనీ గుర్తువి నీకివ్వలేదు. అప్పటికి ఇవి మన ఊరే రాలేదు."

"మరి… సీసాలో పుట్టినయ్యేమోనమ్మా."

ముప్పై మూడేళ్ళలో చాలా అబద్ధాలు విన్నాను. బిళ్ళలు పిల్లలు పెట్టాయన్నవాణ్ణి ఇతన్నే చూశాను. ఇక అడిగి లాభం లేదని పళ్ళెం చేతిలో పట్టుకునే బయటికి నడిచాను. మాస్టారు నా వెనకే, "అమ్మా అటు కాదమ్మా, అటు టీ కొట్టుందమ్మా" అంటూ వచ్చాడు. అటు వెళ్ళొద్దని చెప్పడంలోనే ఎటు వెళ్ళాలో చెప్పాడు.

మా గేటు ఎదురుగా ఒక టీ కొట్టు. నడిపే ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి, మూడో తరగతితో చదువు మానేసింది. కొట్టు వెనక బల్ల మీద మా దగ్గరికొచ్చే ఐదుగురు వరుసగా కూచున్నారు. ఒళ్ళో సీసాలు. మధ్యలో జంతికల డబ్బా. దాన్నిండా బిళ్ళలు. టీ కొట్టు ఆమె ఒక చేత్తో టీ తిరగబోస్తూ, గోడ మీద క్యాలెండరు చూస్తూ, పై ఊరునుంచి వచ్చిన ఒకామెతో మాట్లాడుతోంది.

"నువ్వు పోయిన నెల పదకొండున వచ్చినావు గదా? నీకు ఐదుండాల. ఎన్నున్నయ్?"

"తొమ్మిది."

"నాలుగు డబ్బాలో ఎయ్. ఏమే, తెల్లయి తెల్లవాటిల్లోనే, గులాబీయి గులాబీవాటిల్లోనే ఎయ్యి. కలిపితే ఆయమ్మ చంపుద్ది."

ఆ 'ఆయమ్మ'ను నేనే. లోపల కాయితం మీద కూడి తీసివేసి నేను తేల్చే శేషాన్ని, ఇక్కడ టీ పోస్తూ ఆమె నోటితో తేల్చేస్తోంది. మిగిలినవాళ్ళు డబ్బాలో వేస్తారు, తక్కువైనవాళ్ళు డబ్బాలోంచి తీసుకుంటారు. మాస్టారైతే సీసా మొత్తం డబ్బాలో గుమ్మరించి, ఆమె చెప్పినన్ని ఏరుకుంటాడట, కొత్త గుర్తు బిళ్ళలు అలా వచ్చాయి. అందరూ సరైన లెక్కతో నా ముందుకు వస్తారు. పద్నాలుగు నెలలుగా నేను తనిఖీ చేసింది టీ కొట్టు ఆమె తీసివేతల్ని. ఒక్కటీ తప్పు పోలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

నన్ను మొదట చూసింది ఆమే. "అమ్మా, టీ తాగుతారా?" అంది. పక్కన ఐదుగురూ ఐదు సీసాలు ఐదు చోట్ల దాచారు. ఒకాయన కంగారులో టీ గ్లాసులో వేశాడు.

"ఏంటిది?" అన్నాను డబ్బా చూపించి.

"జంతికలు," అంది. తర్వాత తనే నవ్వాపుకోలేకపోయింది. "ఏం చెయ్యమంటారమ్మా? రెండు బిళ్ళలు మిగిలితే మీరు తిట్టే తిట్లకు వీళ్ళు ఏడ్చుకుంటా బస్టాండుకు పోతన్నారు. టీ కూడా తాగట్లా. లెక్క సరిపోయినోళ్ళు నవ్వుకుంటా వచ్చి రెండు టీలు తాగుతన్నారు. నా కొట్టు నేను చూసుకోవద్దా?"

డబ్బా లోపలికి తెచ్చి రెండుసార్లు లెక్కపెట్టాను. నూట నలభై మూడు. జంతికల నూనె వాసన. ఒక్కొక్క బిళ్ళా ఎవరో ఒకరు మింగకుండా వదిలేసిన ఒక రోజు. నూట నలభై మూడు రోజులు పళ్ళెంలో పోసుకుని కూచున్నాను. ఆ పది నిమిషాలు నాకు నవ్వు రాలేదు.

తర్వాత మాస్టార్నీ, వెంట వచ్చిన ఆయన భార్యనూ కూచోబెట్టాను. తిట్టకూడదని అనుకున్నాను. అలవాటు లేక గొంతు వింతగా వచ్చింది. ఆయన దానికి ఇంకా భయపడ్డాడు.

"ఎన్నిసార్లు మానేశావు? నిజం చెప్పు. గురువారం పెద్ద డాక్టర్లకు నేను సంతకం పెట్టాలి. ఇది మూడో మందు, నాలుగోది లేదు. దీన్ని కూడా ఇట్టాగే చేస్తే నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ ఉండదు."

మాస్టారు పక్కకు చూశాడు. ఆయన భార్య సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పడేసింది. వంటల ఆర్డర్లు రాసుకునే పుస్తకం. తేదీ, ఊరు, ఏ శుభకార్యం, ఎన్ని విస్తళ్ళు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. తేదీలు అంత శుభ్రంగా రాసుకునే మనిషి మీద నాకు కోపం నిలవదు.

"వంట ఉన్న రోజు ఏసుకోడమ్మా," అంది. "వంట లేని రోజు ఒక్కనాడు మానడు. గడియారం పెట్టుకుని ఏసుకుంటాడు."

"ఎందుకని?"

మాస్టారు తల దించుకునే చెప్పాడు. "మీరే చెప్పారు గదమ్మా, అన్నం తినకుండా ఈ బిళ్ళ ముట్టుకోవద్దని. ఏలు చూపించి మరీ చెప్పారు."

చెప్పాను. ఆ పెద్ద బిళ్ళ తిండితో వేసుకుంటేనే సరిగ్గా ఒంటికి పడుతుంది. ఐదేళ్ళ కిందట చెప్పాను, వేలు కూడా చూపించే ఉంటాను.

"తినొచ్చు గదా మరి? వెయ్యి మందికి వండుతావు!"

భార్యాభర్తలిద్దరూ నన్ను జాలిగా చూశారు. వంట సంగతి ఏమీ తెలియని మనిషిని చూసినట్టు.

"వండినోడికి తిండి పోద్దా అమ్మా?" అన్నాడు మాస్టారు. "తెల్లారుజాము నుంచి ఆ నూనెపొగలో నిలబడితే కడుపు వాసనతోనే నిండిపోద్ది. ముద్ద దిగదు. మా నాయన కూడా అంతే, వండిన రోజు మజ్జిగ తాగి పడుకునేవోడు. వంటోళ్ళంతా అంతే."

నేను చెప్పిన మాటను ఆయన అక్షరాలా పాటించాడు. తినలేదు, కాబట్టి వేసుకోలేదు. మర్చిపోయి మానేసినవాడైతే తిట్టేదాన్ని. నా మాట విని మానేసినవాణ్ణి ఏమని తిట్టాలి? ఐదేళ్ళలో ఒక్కసారి, వంటరోజు ఏం చేస్తున్నావయ్యా అని అడగాలని నాకు తట్టలేదు. మొదట్లో మిగిలితే తిట్టాను, తర్వాత లెక్క సరిపోయింది గదా, ఇంకేం అడుగుతాను?

గడిచిన ఆరు నెలలకు ఆ పుస్తకంలోంచి లెక్క తీశాను. నూట ఎనభై రోజులు. పెళ్ళిళ్ళు ముప్పై నాలుగు, గృహప్రవేశాలు పదకొండు, ఓణీల ఫంక్షన్లు తొమ్మిది, పెద్దకర్మలు ఏడు. మొత్తం అరవై ఒకటి. బిళ్ళ పడింది నూట పంతొమ్మిది రోజులే.

గురువారం వీడియోలో ముగ్గురు పెద్ద డాక్టర్లు. వాళ్ళలో పెద్దాయన, "అడ్హరెన్సు?" అన్నాడు. మందు ఎంత క్రమంగా వేసుకున్నాడని అర్థం.

మా డాక్టరు గారు నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. కూచుని చెప్పినా సరిపోయేది.

"రిజిస్టరులో నూటికి నూరు సార్. అది తప్పు. అరవై ఆరు పాయింటు ఒకటి ఒకటి."

పెద్దాయన కెమెరాకు దగ్గరగా వంగాడు. "మేడం, ఆ పాయింటు ఒకటి ఒకటి ఎక్కడినుంచి వచ్చింది?"

"మీకు సమయముంటే చెబుతాను సార్."

ఉందన్నారు. టీ కొట్టు, జంతికల డబ్బా, వంట పుస్తకం, నా వేలు, అన్నీ చెప్పాను. ఒకాయన కెమెరా ఆపేశాడు. నవ్వడానికి ఆపాడని తర్వాత తెలిసింది. పెద్దాయన మాత్రం నవ్వకుండా విని, రిపోర్టులో మొండితనం నిజంగానే ఉంది కాబట్టి మూడో వరుస మందు ఇస్తామన్నాడు. "కానీ ఈ మందు రోజుకు రెండు పూటలు, రెండు పూటలా తిండితో. వంటరోజుల్లో ఈ మనిషి ఎలా తింటాడు, ఎలా వేసుకుంటాడు? నెలలోపల రాసి పంపండి. ఇది పోతే ఇంక లేదు, మీకు తెలుసు," అన్నాడు.

నాకు తెలుసు.

కొత్త మందు మొదలైంది. ఈసారి ఇలా చెయ్యి అనే ముందు అడిగాను. పూర్తి భోజనం అక్కర్లేదు, రెండు ఇడ్లీలో కాస్త పెరుగన్నమో చాలన్నాను. వేలు చూపించలేదు. ఇంట్లోనే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాలని ముగ్గురం అనుకున్నాం. వినడానికి చాలా చక్కటి పథకం.

పదిహేడో రోజున మా పెద్దక్క మనవరాలి పెళ్ళి, శావల్యాపురంలో. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలకు. నేను తొమ్మిదింటికే చేరాను. వేడినీళ్ళ కోసమని కల్యాణమండపం వెనక్కి వెళ్తే అక్కడ పొయ్యి ముందు మా మాస్టారు. ఆయన చేతిలో గరిటె సాంబారులో మునిగిపోయింది.

"ఏందయ్యా, దెయ్యాన్ని చూసినట్టు?" అంది ఆయన భార్య వంకాయల దగ్గర్నుంచి.

"దెయ్యమైతే బాగుండేదే," అన్నాడాయన మెల్లగా.

బయట కనబడితే వాళ్ళను మేము గుర్తుపట్టకూడదు. అది నియమం. నేను ఎవరో పెద్దావిడలా వంకాయల బుట్ట పక్కన నిలబడి, బుట్టతోనే మాట్లాడుతున్నట్టు అడిగాను. "పొద్దుటి పూట అయిందా?"

"కాలా," అంది ఆమె వంకాయతో. "డబ్బా సంచిలోనే ఉంది. పోయిన పెళ్ళిలో తీస్తే జట్టులో వాళ్ళంతా చూశారు. మాస్టారు తను వండింది తను తినడంట, ఇంటికాడ నుంచి తెచ్చుకుంటాడంట, అందులో ఏం కలుపుతాడో ఏందో అన్నారు. ఆ మాట నాలుగూళ్ళు పాకితే ఇంకెవురు పిలుస్తారమ్మా? బిళ్ళలు కూడా చూశారంటే ఆ రోజుతో గరిటె పక్కన పెట్టాల్సిందే."

తినాలి. తను వండిందే తినాలి. అందరికీ తెలిసేలా తినాలి. బిళ్ళ మాత్రం ఎవరికీ కనబడకూడదు. నేను వేసిన లెక్కలన్నిటిలో ఇది కష్టమైనది. గడియారం చూస్తే పదిన్నర. పెళ్ళికొడుకు నాయనమ్మ ముందు వరుసలో కుర్చీలో కూచుని ఉంది. ఎనభై ఏళ్ళు, నిటారు మనిషి. పొద్దుట్నుంచీ మావాళ్ళు చేసిన ప్రతి ఏర్పాటుకూ ఏదో ఒక వంక పెడుతోంది. నేను వెళ్ళి ఆమె పక్కన కూచున్నాను. అబద్ధమాడడం నాకు అలవాటు లేదు. అందుకని కాస్త గట్టిగా వచ్చింది.

"వదినగారూ, వంటమాస్టారికి తొలి విస్తరి వేశారా?"

"తొలి విస్తరేంది?"

"అదేంటండీ! వండినాయన తిననిదే మా వైపు పంక్తి కూచోదు. పొయ్యి దగ్గర నిలబడ్డవాడి కడుపు మాడితే ఆ పెళ్ళి అన్నానికి వెలితంటారు."

మా చెల్లెలు పక్కనే ఉంది. "అక్కా, మన వైపు ఎప్పుడుందే ఇది?" అంది. దాని కాలు తొక్కాను. కుయ్యిమంది.

నాయనమ్మ ఒక క్షణం ఆలోచించింది. ఒక ఆచారం ఉండి, అది ఆడపెళ్ళివారికి తెలిసి తనకు తెలియకపోవడమా? ఆ తల అటూ ఇటూ కదిలి పైకి లేచింది.

"ఎందుకు లేదూ! మా అత్తగారి కాలంలో నిక్కచ్చిగా జరిగేది. ఇప్పుడు పట్టించుకునేదెవురు? తూర్పుముఖంగా కూచోబెట్టాల, అది తెలుసా మీకు?"

"తెర కూడా కట్టాలంటారు," అన్నాను. "తినేటప్పుడు ఎవరూ చూడకూడదట."

"తెర లేకపోతే ఆ తిండి దండగ! దిష్టి తగలదూ?" అంది ఆమె. ఆ మాటంటుంటే ఆమె కళ్ళల్లో అత్తగారు కనబడుతున్నట్టే ఉంది. "ఒరేయ్, ఎవర్రా అక్కడ? తొలి విస్తరి ఎయ్యలేదంటరా! ఈ పెళ్ళెట్టా చేద్దామనుకున్నారు?"

ముహూర్తమై అక్షింతలు పడ్డాక, ఐదు నిమిషాల్లో పట్టుచీర ఒకటి అడ్డంగా కట్టారు. అరిటాకు వేశారు. మాస్టారు చేతులు జోడించాడు. "వద్దమ్మా, నాకు దిగదు, వాసనకే కడుపు నిండిపోయింది" అన్నాడు. ఆయన భార్య వంకాయ కత్తి పట్టుకునే లేచింది.

"ఆచారమంటన్నారు గదయ్యా! పెళ్ళి చెడగొడతావా? సంచి పట్టుకుని లోపలికి పో."

పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకు ఆయన తెర వెనక్కి వెళ్ళాడు. జట్టులో ఎవరూ గుసగుసలాడలేదు. ఒకతను గౌరవంగా తలపాగా తీశాడు కూడా. నేను ఇవతల కుర్చీ వేసుకుని కూచుని, మంచినీళ్ళ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు వినేదాకా లేవలేదు.

పదిహేడు నిమిషాలకు ఆయన బయటికొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.  మందు పడలేదా, వాంతయిందా?

ఆయన భార్య దగ్గరికెళ్ళి రహస్యంగా అన్నాడు. "సాంబార్లో ఉప్పు లేదు."

"వాసనకు తెలవలా?"

"తెలవలా." ఆయన ఉప్పు డబ్బా అందుకున్నాడు. "ఏమే, ఇరవయ్యేళ్ళుగా ఇట్టాగే ఉందంటావా?"

"జనం అడిగి ఏసుకుంటానే ఉన్నారులే," అంది ఆమె. "నీ మొహం చూసి చెప్పలా."

ఆ రోజు సాంబారు గురించి శావల్యాపురంలో వారం రోజులు చెప్పుకున్నారట.

ఆ తర్వాత పని అంతా ఆయన భార్యే చేసింది. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే చెప్పేది. పూటకొక తొలి విస్తరి, తూర్పు ముఖం, తెర. ఎక్కడిదమ్మా ఇది అంటే, శావల్యాపురంలో ఫలానా పెద్దింటివాళ్ళు నిక్కచ్చిగా చేస్తారనేది. ఒక్కరు కూడా కాదనలేదు. మాకు తెలుసు, మర్చిపోయాం అన్నవాళ్ళే ఎక్కువ.

పెద్ద డాక్టర్లకు పంపాల్సిన కాయితంలో, వంటరోజుల్లో స్థానిక ఆచారం ప్రకారం రోగి ముందుగా, ఒంటరిగా భోజనం చేస్తాడని రాశాం. మళ్ళీ వీడియోలో కూచున్నప్పుడు పెద్దాయన అడిగాడు. "మంచి ఆచారమే. ఎప్పటిది?"

"చాలా పాతది సార్," అన్నాడు మా డాక్టరు గారు.

"ఎంత పాతది?"

సంఖ్య అడిగితే నేను అబద్ధం చెప్పలేను. "పదకొండు రోజులు సార్," అన్నాను.

ఈసారి మూడు కెమెరాలూ ఆగాయి.

ఆరు నెలలకు మాస్టారి రక్తపరీక్ష వచ్చింది. వైరస్ కనబడలేదని రాసుంది. కాయితం తిరగేసి చూశాను, వెనక ఇంకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. మళ్ళీ ఏడాదికి చేస్తే అదే మాట.

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పదలచుకున్నది ఇంతే. సీసాలో ఎన్ని మిగిలాయని అడగండి, అది మీ పని. తర్వాత ఎందుకు మిగిలాయని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూచోండి. ఇది మాత్రం కష్టం. నేను మొదలుపెట్టాక రిజిస్టరులో లెక్కలు ఒక్కసారిగా పాడైపోయాయి. ఎవరికి చూసినా రెండో, ఐదో మిగిలేవి. పైనుంచి తనిఖీకి వచ్చినాయన, ఏంటి మేడం ఇలా పడిపోయిందన్నాడు. సార్, ఇప్పుడు ఇవి నిజం అన్నాను. టీ కొట్టు ఆమె మాత్రం క్యాలెండరు చూసి లెక్క చెప్పడం మానలేదు. ఎవరికైనా ఎక్కువ మిగిలితే రెక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది. తిట్లు కూడా ఆమే తిట్టేది, నా పని తగ్గింది.

నేను రిటైరయ్యాక పోయిన మాఘంలో మాచవరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. నాకు షుగరు. పన్నెండున్నరకు బిళ్ళ వేసుకున్నాను, అరగంటలో తినాలి. భోజనాల దగ్గరికెళ్తే ఆకులు వేసున్నాయి, వడ్డించేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వంటశాల వైపు ఒక తెర, దాని ముందు మా వయసావిడ ఒకామె కుర్చీలో కాపలా.

"కొంచెం అన్నం పెట్టించండమ్మా, షుగరు బిళ్ళ వేసుకున్నాను," అన్నాను.

"ఆగమ్మా, ఏంది తొందర? మాస్టారు తొలి విస్తరి తింటన్నాడు. ఆయన లేస్తేగాని పంక్తి ఎయ్యరు," అంది. "మీ వైపు లేదా ఏంది ఇది? తరతరాల నుంచీ వస్తంది మాకు. మా ముత్తవ్వ చెప్పేది, ఒకసారి తొలి విస్తరి మర్చిపోతే పెళ్ళిపందిరి కూలిందంట."

"లేదమ్మా, మా వైపు లేదు," అన్నాను.

"అందుకే మీకు షుగర్లు," అంది.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాళ్ళు లాగుతున్నాయి, కాస్త వణుకు కూడా మొదలైంది. తెర వెనక ఎవరో తీరిగ్గా తింటున్న చప్పుడు. తర్వాత ఒక గొంతు వినబడింది, నాకు పదకొండేళ్ళు తెలిసిన గొంతు.

"పప్పు బాగా కుదిరింది. ఏమే, ఇంకో రెండు గరిటెలు ఎయ్యి. అన్నం కూడా."

ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాను.